ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కొంటే చాలదు. నమూనా పాడవకుండా చేరాలి

సంపాదకులకు,

అయ్యా,

ఫోరెన్సిక్ ప్రయోగశాలల ఆధునికీకరణ గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన కథనాన్నీ, దానిపై పాఠకులు రాసిన లేఖలనూ శ్రద్ధగా చదివాను. కోట్ల రూపాయల యంత్రాలు వస్తే కేసులు త్వరగా తేలుతాయనీ, పెద్దాసుపత్రుల్లో రోగ నిర్ధారణ మెరుగుపడుతుందనీ చాలామంది ఆశపడ్డారు. హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు విభాగంలోనే ఉద్యోగ జీవితమంతా గడిపి పదవీ విరమణ చేసినవాడిగా ఆ ఆశను కాదనలేను గానీ, ఆ లేఖల్లో ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి చెప్పవలసి ఉంది. ఈ యంత్రం దాకా రావలసిన నమూనా, ఆసుపత్రి నుంచి వచ్చేదైనా నేరస్థలం నుంచి వచ్చేదైనా, చాలాసార్లు దారిలోనే పాడైపోతోంది. పాడైన నమూనాను ఎంత ఖరీదైన మైక్రోస్కోపు కింద పెట్టినా ఒరిగేది ఏమీ లేదు.

మామూలు మైక్రోస్కోపు ఎంత మంచిదైనా దానికి ఒక హద్దు ఉంది. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు) కనుక, దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను అది విడదీసి చూపలేదు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది అటువంటి మైక్రోస్కోపుతోనే. అది మైక్రాన్లలో (ఒక మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) కొలిచేంత పెద్దది గనుక ఆయన కంటికి చిక్కింది. వైరస్‌లలో దాదాపు ఏదీ అలా చిక్కదు. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రస్కా కాంతి స్థానంలో ఎలక్ట్రాన్ల పుంజాన్నీ, గాజు కటకాల స్థానంలో అయస్కాంత కటకాలనూ వాడి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నిర్మించారు. రస్కాకు అందుకు నోబెల్ బహుమతి ఇవ్వడానికి 1986 దాకా ఆగారు. మన రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ప్రయోగశాలకు ఆయన పేరే ఉందని నగరవాసుల్లో ఎంతమందికి తెలుసో గానీ, దేశంలోని పరిశోధన పత్రాల్లో కృతజ్ఞతలు చెప్పేచోట ఆ పేరు తరచుగా కనిపిస్తుంది.

ఈ యంత్రం వైద్యానికి ఏం చేసిందో చెప్పడానికి మన నగరంతో సంబంధం ఉన్న ఉదాహరణ ఒక్కటి చాలు. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పసిపిల్లల చిన్న పేగు ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి రోటావైరస్‌ను కనుగొన్నది. అప్పటిదాకా ఆ విరేచనాలకు కారణమేమిటో తెలియకపోవడమే మామూలుగా ఉండేది. ఆ వైరస్‌కు మన దేశంలో తయారైన రోటావాక్ టీకా హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ సంస్థది. అది 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో చేరింది, మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసంగవశాత్తు ఒక మాట: కరోనా కాలంలో పత్రికలన్నీ ఎర్రగా, పచ్చగా అచ్చువేసిన వైరస్ చిత్రాలకు ఆ రంగులు తర్వాత కంప్యూటర్‌లో వేసినవే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇచ్చేది నలుపు తెలుపు చిత్రమే.

రోగ నిర్ధారణలో ఈ యంత్రం అవసరం ఒకప్పటికంటే తగ్గిందన్న మాట నిజం. కణితి ఏ కణాల నుంచి పుట్టిందో తేల్చడానికి ఒకనాడు దీన్ని ఆశ్రయించేవారు. ప్రతిరక్షకాలను వాడి కణాలకు రంగు పట్టించే పద్ధతులు వచ్చాక ఆ పని చాలావరకు మామూలు మైక్రోస్కోపు కిందే, చవకగా అయిపోతోంది. కిడ్నీ బయాప్సీ, అంటే పరీక్ష కోసం కిడ్నీ నుంచి సూదితో తీసే చిన్న ముక్క, విషయంలో మాత్రం ఇప్పటికీ దీని స్థానం దీనిదే. ముఖం, కాళ్లు ఉబ్బి, మూత్రంలో ప్రోటీన్ పోతున్న రోగి కిడ్నీ ముక్క మామూలు మైక్రోస్కోపు కింద ఏ లోపమూ లేనట్టు కనిపించవచ్చు. అదే ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, రక్తాన్ని వడపోసే పొరను పట్టుకుని ఉండవలసిన పోడోసైట్ కణాల సన్నని పాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చదునుగా పరుచుకుని ఉంటాయి. పెద్దవాళ్లలో ఆ వడపోత పొర మందం మామూలుగా 300 నుంచి 350 నానోమీటర్లు. అది అంతటా పలుచబడిందా, లేక ఒకచోట పలుచబడి మరొకచోట పొరలు పొరలుగా చీలిందా అన్నది మరే విధంగానూ కంటికి కనిపించదు. అలా చీలిన పొర ఆల్పోర్ట్ సిండ్రోమ్‌కు గుర్తు. ఇది వంశంలో వచ్చే జబ్బు, మూత్రంలో రక్తంతో మొదలై కొందరిలో వినికిడిని కూడా తీసుకుపోతుంది, స్టెరాయిడ్లకు లొంగదు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ పిల్లవాడికి నెలల తరబడి స్టెరాయిడ్లు మింగించే అవసరం ఉండదు. అంతేకాదు, రేపు కిడ్నీ మార్పిడి అవసరమై, మన ఇళ్లలో తరచుగా జరిగేటట్టు కన్నతల్లే దాతగా ముందుకు వస్తే, ఆ లోపం ఆమెలోనూ ఉండే అవకాశం ఉందని వైద్యులు ముందుగా ఆలోచించగలుగుతారు. జన్యు పరీక్షలు వచ్చాయి కదా అనవచ్చు. వచ్చాయి, రావాలి కూడా, కాని ఏ జన్యువును వెతకాలో దారి చూపేది చాలాసార్లు ఈ చిత్రమే.

ఇంత ప్రయోజనం ఉన్న పరీక్ష దెబ్బతినేది ఎక్కడో చెబుతాను. సూదితో తీసిన కిడ్నీ ముక్క అగ్గిపుల్లకంటే సన్నగా ఉంటుంది. దాన్ని బయాప్సీ గదిలోనే మూడు భాగాలు చేయాలి. ఒకటి ఫార్మలిన్‌లోకి, ఒకటి ఇమ్యునోఫ్లోరసెన్స్ (ప్రతిరక్షకాలను మెరిపించి చూసే పరీక్ష) కోసం వేరే ద్రవంలోకి, ఒక మిల్లీమీటరుకు మించని చిన్న భాగం కణాల నిర్మాణాన్ని చెడకుండా నిలిపే చల్లని గ్లూటరాల్డిహైడ్ ద్రవంలోకి వెళ్లాలి. ఈ మూడో భాగం నిమిషాల్లో ఆ ద్రవంలో పడకపోతే కణాల లోపలి నిర్మాణం చెడిపోవడం మొదలవుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఉబ్బుతాయి, పొరలు తెగుతాయి, ఆ తర్వాత కనిపించే మార్పు జబ్బు వల్ల వచ్చిందో ఆలస్యం వల్ల వచ్చిందో చెప్పడం కష్టం. నాకు తెలిసిన ఒక కుటుంబంలో పదేళ్ల అబ్బాయికి నగరంలోని ఒక ఆసుపత్రిలో బయాప్సీ చేసినప్పుడు ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్ సీసాలో వేసేశారు. మామూలు మైక్రోస్కోపు నివేదిక ఏమీ తేల్చలేక, చివర ‘ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పరీక్ష అవసరం’ అని రాసింది, అప్పటికి ఆ పరీక్షకు పంపడానికి మిగిలింది లేదు. మామూలు పరీక్ష కోసం మైనంలో పోసిన దిమ్మె నుంచి ముక్కను తిరిగి తీసి ప్రయత్నించవచ్చు, నేనూ అటువంటివి చూశాను. అలా తీసిన ముక్కలో వడపోత పొర అసలు మందం కంటే పలుచగా కనిపిస్తుంది కనుక, పొర పలుచబడటమే ప్రధాన ప్రశ్న అయినచోట ఆ కొలతను నమ్మడానికి వీల్లేదు. తల్లిదండ్రులు ఆ పిల్లవాణ్ని రెండోసారి సూది కిందకి పంపడానికి ఒప్పుకోలేదు, వారిని తప్పుపట్టలేం. ఆ రోజు ఆ గదిలో లేనిది రెండు మిల్లీలీటర్ల గ్లూటరాల్డిహైడ్ ఉన్న చిన్న సీసా, అందులో ఏం వేయాలో తెలిసిన మనిషి.

ద్రవంలో సరిగ్గా పడిన ముక్క కూడా ఒక్కరోజులో చిత్రం కాదు. దానికి ఆస్మియం టెట్రాక్సైడ్ పట్టించాలి. ఆ ఆవిరి కళ్లకు ప్రమాదం కనుక ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా దాని మూత తీయకూడదు. తర్వాత ఆల్కహాల్‌తో నీరంతా లాగేసి, రెసిన్‌లో ఉంచి, 60 డిగ్రీల ఓవెన్‌లో సుమారు రెండు రోజులు గట్టిపడనిస్తారు. అప్పుడు అల్ట్రామైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద వజ్రపు కత్తితో 60 నుంచి 90 నానోమీటర్ల మందంలో పొరలు కోయాలి. కోసిన పొర కత్తి వెనక ఉన్న చిన్న తొట్టిలోని నీటి మీద తేలుతుంది. వెండి రంగు, లేదా లేత బంగారు రంగు మెరిస్తే మందం సరిపోయినట్టు, ఊదా రంగు వస్తే మందమెక్కినట్టు. ఆ రంగును చూసి, ఊపిరి బిగబట్టి, కనురెప్ప వెంట్రుక అతికించిన పుల్లతో ఆ పొరలను దగ్గరికి జరిపి, 3 మిల్లీమీటర్ల రాగి జాలీ మీదకి ఎత్తుకోవాలి. ఏసీ గాలి తగిలినా, పక్క గదిలో తలుపు గట్టిగా వేసినా పొరలో గీతలు పడతాయి. ఈ పనిలో చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాళ్లు చేయి తిరిగే సమయానికి మరో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారు, వెళ్లకుండా ఉండటానికి వాళ్లకు మనం చూపించే కారణమూ లేదు. యంత్రానికి కోట్లు పెట్టి ఈ మనిషి జీతం దగ్గర, వజ్రపు కత్తి దగ్గర, ఏటా చేయించవలసిన సర్వీసింగ్ దగ్గర లెక్కలు చూసుకోవడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడటమే.

ఉద్దానం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ పల్లెల్లో మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా కిడ్నీలు చెడిపోతున్నాయనీ, కారణం ఇంకా స్పష్టంగా తేలలేదనీ తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇటువంటి జబ్బే ఉన్న శ్రీలంక రైతుల కిడ్నీ ముక్కల్లో, కణంలో వ్యర్థాలను జీర్ణం చేసే లైసోసోములు వింత ఆకారంలో ఉబ్బి, నల్లటి రేణువులతో నిండి ఉన్నాయనీ, ఇది ఏదో విషపదార్థం ప్రభావం కావచ్చుననీ ఒక పరిశోధక బృందం 2020లో వెల్లడించింది. ఇతర కిడ్నీ జబ్బుల్లోనూ అటువంటివి కనిపిస్తాయనీ, వాటిని బట్టి విషమని తేల్చలేమనీ మరికొందరు పాథాలజిస్టులు అభ్యంతరం చెప్పారు. ఎవరి మాట నిజమో తేల్చే అర్హత నాకు లేదు. కాని ఆ చర్చ వాళ్లు జరపగలుగుతున్నారంటే వాళ్ల చేతిలో సరిగ్గా భద్రపరిచిన ముక్కలు ఉన్నాయి గనుకనే. మన పల్లెల రోగుల నుంచి బయాప్సీ తీసిన ప్రతిసారీ ఆ మూడో సీసా నింపి పెడితే, ఈ చర్చలో మన రోగుల సాక్ష్యం కూడా ఉంటుంది.

ఇక నేర పరిశోధన విషయం. ఇక్కడ వాడేది ఎక్కువగా స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఇది పదార్థం ఉపరితలాన్ని చూపడంతో పాటు, ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు వెలువడే ఎక్స్‌రేలను బట్టి ఆ రేణువులో ఏ మూలకాలు ఉన్నాయో కూడా చెబుతుంది. తుపాకీ పేలినప్పుడు తూటా అడుగున ఉండే ప్రైమర్‌లోని సీసం, బేరియం, ఆంటిమొనీ సమ్మేళనాలు ఆ వేడికి ఆవిరై, వెంటనే చల్లబడి, చాలావరకు గుండ్రని రేణువులుగా గడ్డకట్టి కాల్చినవాడి చేతి మీద, బట్టల మీద పడతాయి. వాటి పరిమాణం సాధారణంగా కొన్ని మైక్రాన్లకు మించదు. సేకరించే విధానం చూడటానికి చాలా తేలిక. అరంగుళం వెడల్పున్న అల్యూమినియం బిళ్ల మీద కార్బన్ జిగురు పట్టీ ఉంటుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద, చేతి వెనుక భాగం మీద, అరచేతి మీద జిగురు తగ్గేదాకా అద్దుతూ పోవాలి. కుడి చేతికి ఒకటి, ఎడమ చేతికి ఒకటి వాడి, మూతపెట్టి సీలు వేయాలి. ఏ చేతికీ తాకించని బిళ్ల మరొకటి పోలిక కోసం కూడా పంపాలి. ప్రయోగశాలలో యంత్రం బిళ్లనంతా వెతికి, బరువైన మూలకాలున్న రేణువులను తెల్లగా మెరిపించి చూపిస్తుంది, వాటిలో మూడు మూలకాలూ ఒకే రేణువులో ఉన్నవాటిని నిపుణుడు ఒక్కొక్కటిగా పరిశీలిస్తాడు.

ఇంత తేలికైన సేకరణ ఎలా చెడుతుందంటే, సమయం దాటడం వల్ల, కలుషితం కావడం వల్ల. మామూలు పనులు చేసుకుంటున్న మనిషి చేతి మీద నుంచి ఈ రేణువులు కొద్ది గంటల్లో చాలావరకు రాలిపోతాయి, చేతులు కడుక్కుంటే ఇంకా త్వరగా పోతాయి. అనుమానితుణ్ని పట్టుకున్నాక మొదట వేలిముద్రలు తీసి, టీ తాగించి, పంచనామా రాసి, ఆ తర్వాత క్లూస్ టీంను పిలిస్తే బిళ్ల మీదకి వచ్చేది చర్మపు పొట్టే. రెండోది ఇంకా ప్రమాదకరం. తుపాకులు పట్టుకునే సిబ్బంది రోజూ ప్రయాణించే జీపు సీటు మీద, బేడీల మీద ఇవే రేణువులు ఉండే అవకాశం ఉంది. నమూనా తీయకముందే అనుమానితుణ్ని అందులో కూర్చోబెడితే, నిర్దోషి చేతి మీద కూడా అవి చేరవచ్చు. మరణించినవారి విషయంలోనైతే చేతులకు కాగితపు సంచులు కట్టి పంపాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరుతుంది. ఇవన్నీ ఒక పూట శిక్షణలో నేర్పగలిగినవే.

ఫలితాన్ని అర్థం చేసుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. మూడు మూలకాలూ ఉన్న రేణువు దొరికితే, ఆ వ్యక్తి తుపాకీ పేల్చి ఉండవచ్చు, పేలినప్పుడు దగ్గరలో ఉండి ఉండవచ్చు, లేదా పేలిన తుపాకీని ముట్టుకుని ఉండవచ్చు. ట్రిగ్గర్ నొక్కింది ఎవరో మైక్రోస్కోపు చెప్పదు. రేణువులు దొరకకపోతే అతడు కాల్చలేదనీ కాదు. కొన్ని వాహనాల బ్రేకు పొడిలోనూ, కొన్ని బాణసంచా పదార్థాల్లోనూ ఈ మూలకాల్లో కొన్ని ఉంటాయి, సీసం లేని ప్రైమర్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. అందువల్ల ‘ఫోరెన్సిక్ నివేదిక తేల్చేసింది’ అని శీర్షిక పెట్టేముందు, నివేదికలో ఉన్న మాట ‘సరిపోలుతోంది’ అనా, ‘నిర్ధారణ అయింది’ అనా చూడవలసిందిగా మీ డెస్కులోని మిత్రులకు మనవి. చెరువులో దొరికిన మృతదేహం ఎముక మజ్జలోని డయాటమ్ నాచు పెంకుల పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. పెంకు మీది రంధ్రాల వరుసను స్కానింగ్ మైక్రోస్కోపులో చూసి దాని జాతిని గుర్తించవచ్చు, కాని మృతదేహం దొరికిన చెరువు నుంచి అదే రోజు సీసాడు నీళ్లు తీసి పెట్టకపోతే దేనితో పోల్చాలి? ఆ పరీక్ష విలువపైనే నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదన్నది వేరే సంగతి.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన, నేర విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. ఎప్పటి నుంచి అమలు చేయాలో ఐదేళ్లలోగా రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫై చేయాలి. ఈ నిబంధన సక్రమంగా అమలైతే ప్రయోగశాలలకు వచ్చే నమూనాల సంఖ్య ఎంతో పెరుగుతుంది. అందుకు ప్రతి జిల్లాలోనూ ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పెట్టాలన్న సూచన మీ పాఠకుల లేఖల్లో కనిపించింది. నేను దానితో ఏకీభవించను. కంపనం, అయస్కాంత క్షేత్రం, ఉష్ణోగ్రత అదుపులో లేని గదిలో ఈ యంత్రం పనిచేయదు. లిఫ్టు పక్కన పెట్టిన మైక్రోస్కోపు చిత్రం లిఫ్టు కదిలినప్పుడల్లా వణకడం నేను చూశాను. ఉన్న యంత్రాలను పంచుకోవడమే మేలు. రెడ్ హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నాయి. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ), గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పరిశోధన కోసం కొన్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు ఉన్నాయి. ఇన్ని ఉన్న నగరం దేశంలో అరుదు.

పంచుకోవడానికి అడ్డం వచ్చేది దూరం కాదు, కాగితం. పరిశోధన సంస్థ ఇచ్చే చిత్రం పరిశోధన పత్రానికి సరిపోతుంది. రోగి నివేదికగా ఇవ్వాలంటే వైద్య ప్రయోగశాలలకు వర్తించే ఐఎస్ఓ 15189 ప్రమాణం ప్రకారం, నేర పరిశోధనకు ఇవ్వాలంటే 17025 ప్రకారం గుర్తింపు ఉండటం మంచిది. కోర్టు విషయానికి వస్తే, అదే సంహితలోని 329వ సెక్షన్ కింద నిపుణుణ్ని స్వయంగా పిలవకుండానే నివేదికను సాక్ష్యంగా తీసుకునే వీలు కొందరు ప్రభుత్వ శాస్త్ర నిపుణుల నివేదికలకే ఉంది. పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఆ జాబితాలో తనంతట తాను చేరడు, కాని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఇతర శాస్త్ర నిపుణులను చేర్చవచ్చునని ఆ సెక్షనే చెబుతోంది. యంత్రం కొనడానికి టెండర్లు, గోదాము, భవనం కావాలి. ఈ నోటిఫికేషన్‌కు ఒక ఉత్తర్వు చాలు. వారంలో నిర్ణీత సమయాన్ని బయాప్సీలకూ, ఫోరెన్సిక్ నమూనాలకూ కేటాయించేలా ఆయా సంస్థలతో ఒప్పందం చేసుకుని, గ్లూటరాల్డిహైడ్ సీసాలను కిడ్నీ బయాప్సీలు చేసే ఆసుపత్రులకూ, జిగురు బిళ్లల పెట్టెలను పోలీసు స్టేషన్లకూ పంపడం మొదలుపెడితే, కొత్త యంత్రం వచ్చేలోగానే పని ముందుకు కదులుతుంది. గ్లూటరాల్డిహైడ్ పాతబడితే పనికిరాదు కనుక సీసా మీద తయారైన తేదీ రాయడం, గడువు దాటినవాటిని తిరిగి తీసుకోవడం కూడా ఆ ఏర్పాటులో భాగమై ఉండాలి.

కొత్త యంత్రాలకు టెండరు పత్రాలు వెలువడినప్పుడు, యంత్రం ధర పక్కనే వార్షిక నిర్వహణ ఒప్పందం, వజ్రపు కత్తుల ఖర్చు, ఓవెన్ ఆగకుండా ఉండేందుకు యూపీఎస్, శాశ్వత ప్రాతిపదికన కనీసం ఇద్దరు సాంకేతిక నిపుణుల పోస్టులు ఉన్నాయో లేదో మీ విలేకరులు పరిశీలించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. లేకపోతే ఎందుకు లేవో సంబంధిత అధికారులనే అడిగి, వారి సమాధానాన్నీ ఈ పేజీలోనే అచ్చువేయగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగి,
హబ్సిగూడ, హైదరాబాద్